అందరూ ఒకటేనని చెబితే పిల్లలకు అర్థమయ్యేదేమిటి?

2023 ఆగస్టులో తమిళనాడులోని తిరునెల్వేలి జిల్లా నాంగునేరిలో, పన్నెండో తరగతి చదువుతున్న ఒక దళిత కుర్రాడి ఇంట్లోకి తోటి విద్యార్థులే చొరబడి కొడవళ్లతో దాడి చేశారు. అడ్డొచ్చిన చెల్లెలినీ వదల్లేదు. ఇద్దరూ ప్రాణాలతో బయటపడ్డారు. దాడి చేసినవాళ్లంతా అదే బడి చుట్టూ తిరిగే పిల్లలు. బడుల్లో కుల ఘర్షణలు ఆపడానికి ఏం చేయాలో చెప్పమని తమిళనాడు ప్రభుత్వం విశ్రాంత న్యాయమూర్తి జస్టిస్ కె. చంద్రును అడిగింది. 2024 జూన్‌లో ఆయన నివేదిక ఇచ్చారు. కులాన్ని తెలిపే రంగుల చేతిదారాలు, ఉంగరాలు, నుదుటి బొట్లు బడిలో ఉండకూడదని, బడి పేర్లలోంచి కులం మాటలు తీసేయాలని, పిల్లలను అక్షర క్రమంలో కూర్చోబెట్టాలని అందులో ఉంది.

ఇలాంటి వార్త వచ్చిన ప్రతిసారీ మన ఇళ్లలోనూ, స్టాఫ్‌రూముల్లోనూ రెండు వాదనలు మొదలవుతాయి. ‘పిల్లలకు ఇవేవీ తెలియవు, పెద్దవాళ్లే బుర్రకెక్కిస్తున్నారు, ఆ ఊసే ఎత్తకపోతే సరి’ అని ఒకరంటారు. ‘నోరు మూసుకుంటే కులం పోతుందా, చిన్నప్పుడే కూర్చోబెట్టి చెప్పాలి’ అని ఇంకొకరంటారు. రెండింటిలోనూ కొంత నిజముంది. ఎంత ఉందన్నది తేల్చుకోవడానికి కావాల్సిన పరిశోధన గత ఎనభై ఏళ్లలో చాలానే జరిగింది. అందులో మన దేశపు బడుల్లో, మైదానాల్లో జరిగినవీ ఉన్నాయి. వాటి గురించి తెలుగులో మాట్లాడుకున్నది తక్కువ.

తేడా కనిపించడం ఒకటి, దానికి ఖరీదు కట్టడం ఒకటి

ముందు ‘పిల్లలకు ఏమీ తెలియదు’ అన్న మాట చూద్దాం. పుట్టిన కొద్ది రోజుల పసికందులకు వేర్వేరు జాతుల మనుషుల ముఖాలు చూపిస్తే ఏ ఒక్క వైపూ మొగ్గరు. మూడు నెలలు వచ్చేసరికి తమ చుట్టూ రోజూ కనిపించే రకం ముఖాన్నే ఎక్కువసేపు చూస్తారు. 2005లో బ్రిటన్ పరిశోధకులు గమనించిన విషయమిది. ఆ మరుసటి ఏడాది వచ్చిన ఇంకో అధ్యయనంలో, ఇజ్రాయెల్‌కు వలస వచ్చి నల్లవాళ్లనూ తెల్లవాళ్లనూ రోజూ చూస్తూ పెరుగుతున్న ఇథియోపియా కుటుంబాల పసిపిల్లల్లో ఆ మొగ్గు కనిపించలేదు. అంటే అది నెత్తుటిలో ఉన్నది కాదు, అలవాటు.

మాట విషయంలోనూ ఇంతే. పది నెలల పిల్లలకు ఇద్దరు మనుషులు ఒకేలాంటి బొమ్మలు అందిస్తే, ఇంట్లో వినే భాష మాట్లాడిన మనిషి చేతిలోని బొమ్మనే ఎక్కువగా తీసుకున్నారని 2007లో వచ్చిన ఒక అధ్యయనం చెప్పింది. అయిదేళ్ల పిల్లలైతే తమ యాసలో మాట్లాడే పిల్లలతోనే స్నేహం చేస్తామన్నారు.

యాస గురించి మనకు ఎవరూ వేరే చెప్పనక్కర్లేదు కాబట్టి ఆ ఉదాహరణతోనే నాలుగు మాటలకు అర్థాలు విడదీసుకుందాం. శ్రీకాకుళం నుంచి వచ్చిన కుర్రాడు హైదరాబాద్ బడిలో చేరాడనుకోండి. వాడి మాట వేరేగా ఉందని పక్కవాడికి తెలియడం తేడాను గమనించడం. అందులో తప్పేమీ లేదు, చెవులున్నాయని అర్థం. ‘ఆ వైపు వాళ్లంతా ఇలాగే ఉంటారు’ అనుకుంటే అది ముద్ర వేయడం. ఆ ముద్ర వల్ల వాడిమీద అయిష్టం పుడితే పక్షపాతం. కబడ్డీ జట్టులోకి వాడిని తీసుకోకపోయినా, వాడు నోరు తెరవగానే తరగతంతా వెక్కిరించి వాడు జవాబు చెప్పడం మానేసేలా చేసినా వివక్ష. తెలంగాణ యాసను ఏళ్ల తరబడి వెండితెర మీద రౌడీలకూ హాస్యగాళ్లకూ అంటగట్టిన రోజులు గుర్తున్నవారికి, ఈ మెట్లు ఒకదాని తర్వాత ఒకటి ఎలా ఎక్కుతారో తెలుసు.

మొదటి మెట్టు పిల్లలంతా ఎక్కుతారు, ఆపలేం. మిగతా మూడు మెట్లు ఎక్కించేది ఎవరు? వివాదమంతా అక్కడే ఉంది.

చొక్కా రంగు చెప్పిన సంగతి

అమెరికాలో రెబెక్కా బిగ్లర్ అనే మనస్తత్వవేత్త, తన సహచరులతో కలిసి దీన్ని నేరుగా పరీక్షించారు. మూడు నుంచి అయిదేళ్ల పిల్లలున్న తరగతులు తీసుకున్నారు. పిల్లల్లో సగం మందికి ఎర్ర చొక్కాలు, సగం మందికి నీలం చొక్కాలు ఇచ్చారు. ఎవరికి ఏ రంగు రావాలన్నదానికి కారణమేమీ లేదు. కొన్ని తరగతుల్లో టీచర్లు ఆ రంగుల గురించి ఒక్క ముక్క మాట్లాడలేదు. మిగతా తరగతుల్లో మాత్రం రోజూ వాడారు. ‘ఎర్రవాళ్లు వరసలో నిలబడండి, నీలంవాళ్లు బొమ్మలు సర్దండి’ అన్నారు. ఒక రంగు మంచిదనీ ఇంకోటి కాదనీ ఎక్కడా చెప్పలేదు. పోటీ పెట్టలేదు. మూడు వారాలు గడిచాక, టీచర్లు రంగులు వాడిన తరగతుల్లో తమ రంగువాళ్లే మేలన్న భావం ఎక్కువగా కనిపించింది. టీచర్లు పట్టించుకోని తరగతుల్లో అంతగా లేదు.

నాకు ఇందులో అన్నిటికంటే ముఖ్యమనిపించేది, ఆ టీచర్లు చెడ్డమాట ఒక్కటీ అనలేదన్న సంగతి. పిల్లవాడి లెక్క చాలా సూటిగా ఉంటుంది: పెద్దవాళ్లు మనుషులను విడదీయడానికి ఒక గుర్తు వాడుతున్నారంటే ఆ గుర్తులో ఏదో విషయం ఉండే ఉంటుంది. ఆ విషయమేమిటో ఎవరూ చెప్పకపోతే తానే కల్పించుకుంటాడు.

ఇప్పుడు మన బడిలోకి రండి. స్కాలర్‌షిప్పు దరఖాస్తుల రోజు. రిజిస్టరు చేతిలో పట్టుకుని సారు నిలబడి ఉంటారు. ‘ఎస్సీలెంతమంది? లేవండి. లెక్కపెట్టుకోనివ్వండి. ఆ, కూర్చోండి. ఎస్టీలు?’ అని పిలుస్తారు. సారుకు ఎవరినీ కించపరిచే ఉద్దేశం లేదు, సాయంత్రంలోగా మండలానికి లెక్క పంపాలి. ఆ డబ్బు ఆ పిల్లల హక్కు. అయినా తరగతిలో మిగతా నలభైమంది తలలు తిప్పి చూస్తారు. అప్పటిదాకా పక్కవాడు గోళీలాటలో మొనగాడు మాత్రమే. లేచి నిలబడ్డాక ఇంకేదో కూడా అయ్యాడు.

ఆ లేచి నిలబడ్డవాడికి ఏమవుతుందో తెలుసుకోవడానికి ఉత్తరప్రదేశ్‌లో ఒక ప్రయోగం జరిగింది. కార్లా హాఫ్, ప్రియాంక పాండే అనే ఆర్థికవేత్తలు ఆరు, ఏడు తరగతుల మగపిల్లలను పోగుచేశారు. 321 మంది పై కులాలుగా చెప్పుకునేవాళ్లు, 321 మంది అట్టడుగు కులాలుగా చూడబడుతున్నవాళ్లు. ఆరుగురేసి కూర్చుని కాగితం మీద దారి కనుక్కునే చిక్కుముడి పజిళ్లు చేయాలి, చేసినదాన్ని బట్టి డబ్బులిస్తారు. కులం ఊసెత్తని జట్లలో ఇద్దరూ సమానంగా చేశారు. కొన్ని జట్లలో మాత్రం మొదలుపెట్టే ముందు ప్రతి పిల్లవాడి పేరు, ఊరు, తండ్రి పేరు, తాత పేరు, కులం అందరిముందూ చదివారు. అక్కడ అట్టడుగు కులాల పిల్లలు పూర్తిచేసిన పజిళ్ల సంఖ్య బాగా తగ్గిపోయింది. అవే కాగితాలు, అవే బుర్రలు. మారిందల్లా నలుగురిలో కులం బయటపడడం.

‘ఊసే ఎత్తవద్దు’ అనేవారికి ఈ రెండు ప్రయోగాలూ బలమిస్తాయి. పెద్దవాళ్లు గుర్తులను వాడడం మానేస్తే సగం పని అయినట్టే కదా అంటారు. కానీ చొక్కాలకూ కులానికీ ఒక తేడా ఉంది. చొక్కా సాయంత్రం విప్పేస్తారు. ఎవరి ఇల్లు ఊళ్లో ఏ మూల ఉందో, ఎవరి ఇంటికి ఎవరు భోజనానికి వస్తారో, ‘ఇంటిపేరేంటి బాబూ? మనోళ్లేనా?’ అని ఎవరు అడుగుతారో పిల్లవాడు బడి వదిలాక కూడా చూస్తూనే ఉంటాడు. బడి ఒక్కటీ మౌనంగా ఉంటే, ఆ ఖాళీని ఊరు నింపుతుంది.

ఒకచోట కూర్చోబెట్టినంత మాత్రాన

విద్యాహక్కు చట్టం 2010 ఏప్రిల్ 1 నుంచి అమల్లోకి వచ్చింది. అందులోని 12(1)(సి) సెక్షన్ ప్రకారం ప్రైవేటు బడులు ప్రవేశ తరగతిలో కనీసం 25 శాతం సీట్లు పేద, బలహీనవర్గాల పిల్లలకు ఉచితంగా ఇవ్వాలి. 2012లో సుప్రీంకోర్టు దీన్ని సమర్థించింది. అయినా ఆంధ్రప్రదేశ్‌లో ఇటీవలి ఏళ్లలో గానీ ఇది కదలలేదు. డబ్బు కట్టి చదివించే తల్లిదండ్రుల భయాలు కొత్తవి కావు: మా పిల్లల చదువు దెబ్బతింటుంది, బూతులు నేర్చుకుంటారు, క్రమశిక్షణ పోతుంది.

ఈ భయాలను కొలిచి చూసిన మనిషి గౌతమ్ రావు అనే ఆర్థికవేత్త. విద్యాహక్కు చట్టం కంటే ముందే, 2007లో, ఢిల్లీలో ప్రభుత్వం నుంచి చౌకగా భూమి పొందిన ప్రైవేటు బడులు కొన్ని సీట్లు పేదపిల్లలకు ఇవ్వాల్సి వచ్చింది. అందువల్ల ఒకే బడిలో ఒక తరగతి పిల్లలు పేద సహవిద్యార్థులతో చదివారు, వాళ్లకు ముందు చేరిన తరగతి పిల్లలకు ఆ అనుభవం లేదు. ఇద్దరినీ పోల్చడానికి ఇంతకంటే మంచి అవకాశం దొరకదు.

ఆయన పెట్టిన పరీక్షల్లో ఒకటి రిలే పరుగు. ధనిక పిల్లవాడు తన జట్టులోకి ఒకరిని ఎంచుకోవాలి: వేగంగా పరుగెత్తే పేద పిల్లవాడినా, నెమ్మదిగా పరుగెత్తే ధనిక పిల్లవాడినా? గెలిస్తే డబ్బు వస్తుంది. 500 రూపాయల బహుమతి అన్నప్పుడు దాదాపు అందరూ వేగమున్నవాడినే ఎంచుకున్నారు. 50 రూపాయలే అన్నప్పుడు మాత్రం సుమారు మూడోవంతు మంది పేదవాడిని వదిలేసి, ఓడిపోతామని తెలిసీ తమలాంటివాడిని తీసుకున్నారు. పేద సహవిద్యార్థులతో చదివినవాళ్లలో ఇలా చేసినవాళ్లు తక్కువ. దానధర్మం విషయంలో, ఇతరులకు పంచి ఇవ్వడంలో కూడా వాళ్లు ముందున్నారు.

మరి చదువు? హిందీ, గణితం మార్కులు తగ్గలేదు. ఇంగ్లిష్ మార్కులు కొద్దిగా తగ్గాయి. తరగతిలో తిట్టుమాటలు కొంచెం పెరిగాయి కూడా. తల్లిదండ్రుల భయాలను పూర్తిగా కొట్టిపారేయకుండా, అలాగని భూతద్దంలో చూపకుండా ఉన్నదున్నట్టు రాసినందుకు ఆ అధ్యయనం మీద నాకు గౌరవం పెరిగింది. ఆ నష్టం చిన్నది, ఆ లాభం పెద్దది అని నేను అనుకుంటాను. ఇంగ్లిష్ మార్కు ఒక్కటి తగ్గినా ఒప్పుకోని తల్లి వేరేలా లెక్కేసుకోవచ్చు.

ఆ అధ్యయనంలోనే ఇంకో ముఖ్యమైన విషయముంది. కొన్ని బడుల్లో చదువుకునే జట్లను పేర్ల అక్షర క్రమంలో వేసేవారు. కాబట్టి పేద పిల్లవాడి పేరుకు దగ్గరి అక్షరంతో పేరున్న ధనిక పిల్లవాడు రోజూ వాడితో కలిసి పనిచేయాల్సి వచ్చేది. మార్పులో పెద్ద భాగం ఈ కలిసి పనిచేయడం వల్లనే వచ్చిందని తేలింది. జస్టిస్ చంద్రు నివేదికలోని అక్షర క్రమం సిఫారసును చాలామంది చిన్న విషయంగా తీసిపారేశారు. ఈ ఢిల్లీ లెక్కలు చూశాక అలా తీసిపారేయలేం.

కలయిక ఎప్పుడు పనిచేస్తుంది, ఎప్పుడు బెడిసికొడుతుంది

1954లో గోర్డన్ ఆల్‌పోర్ట్ అనే అమెరికన్ మనస్తత్వవేత్త ఒక సూత్రం చెప్పాడు. వేర్వేరు గుంపుల మనుషులు కలిస్తే పక్షపాతం తగ్గుతుంది, కానీ నాలుగు షరతులున్నాయి. ఇద్దరి స్థాయీ సమానంగా ఉండాలి. ఇద్దరికీ ఒకే లక్ష్యముండాలి. దాన్ని ఒకరితో ఒకరు పోటీపడి కాకుండా కలిసి సాధించాలి. పైనున్న అధికారం ఆ కలయికకు మద్దతివ్వాలి. 2006లో 515 అధ్యయనాలను కలిపి చూసిన ఒక విశ్లేషణ, మొత్తమ్మీద కలయిక పక్షపాతాన్ని తగ్గిస్తుందని, ఈ షరతులున్నచోట ఇంకా ఎక్కువగా తగ్గిస్తుందని చెప్పింది.

షరతులు లేకపోతే ఏమవుతుంది? ఇంట్లో పనిమనిషీ యజమానురాలూ రోజూ కలుస్తారు, ముప్పై ఏళ్లు ఒకే కప్పు కింద ఉంటారు. అయినా గ్లాసు వేరుగానే ఉంటుంది, కూర్చునే చోటు కింద నేలే ఉంటుంది. ఆ ఇంట్లో పెరిగే పిల్లవాడు చూస్తున్నది కలయికే. కానీ ఆ కలయిక వాడికి నేర్పుతున్నది ఎవరు పైన, ఎవరు కింద అన్నది.

పోటీ సంగతి తెలుసుకోవడానికి ఉత్తరప్రదేశ్‌లో మాట్ లోవ్ అనే పరిశోధకుడు ఏకంగా క్రికెట్ లీగులే పెట్టాడు. ఆడినవాళ్లు చిన్నపిల్లలు కారు, కుర్రాళ్లు. కొన్ని జట్లలో వేర్వేరు కులాలవాళ్లను కలిపాడు, కొన్ని జట్లలో ఒకే కులంవాళ్లను ఉంచాడు. ఒకే జట్టులో కలిసి ఆడినవాళ్ల మధ్య కులాలు దాటిన స్నేహాలు పెరిగాయి. ఎదుటి జట్టులో వేరే కులంవాళ్లను ఎక్కువగా ఎదుర్కొన్నవాళ్ల మధ్య మాత్రం స్నేహాలు తగ్గాయి. మైదానం ఒకటే, ఆట ఒకటే. ఒక జెర్సీ వేసుకున్నారా, రెండా అన్నదే మార్చింది.

తరగతి గదిలో దీన్ని ఎలా చేయాలో 1971లో టెక్సాస్‌లోని ఆస్టిన్‌లో ఇలియట్ ఆరన్సన్ ఒక పద్ధతి వేశాడు. అప్పుడే నల్ల, తెల్ల, మెక్సికన్ పిల్లలను ఒకే బడుల్లోకి చేర్చారు, రోజూ కొట్లాటలే. ఆయన పద్ధతి మన పాఠంతో చెబితే ఇలా ఉంటుంది. కృష్ణానది గురించి పాఠం. నలుగురు పిల్లల జట్టు. ఒకరికి మహాబలేశ్వరంలో నది పుట్టుక గురించిన పేజీ మాత్రమే ఇస్తారు. ఇంకొకరికి భీమ, తుంగభద్ర లాంటి ఉపనదులు. మూడోవారికి శ్రీశైలం, నాగార్జునసాగర్ ప్రాజెక్టులు. నాలుగోవారికి డెల్టా, హంసలదీవి దగ్గర సముద్రంలో కలవడం. పరీక్ష మాత్రం పాఠమంతటి మీదా ఉంటుంది. కాబట్టి ఎప్పుడూ వెనక బెంచీలో నోరు మెదపకుండా కూర్చునే పిల్ల దగ్గర డెల్టా పేజీ ఉంటే, ఆమె చెప్పేది మిగతా ముగ్గురూ చెవులు రిక్కించి వినాల్సిందే. ‘ఆమెను గౌరవించండి’ అని ఎవరూ చెప్పలేదు, ఆమె అవసరం పడింది. ఈ పద్ధతిని తర్వాత చాలా దేశాల్లో ప్రయత్నించారు. ఫలితాలు అన్నిచోట్లా ఒకేలా రాలేదు. ఒక పీరియడ్ చేసి వదిలేసేది కాదు, టీచరు నెలల తరబడి పట్టుకుని ఉండాల్సినది.

మధ్యాహ్న భోజనం ఈ షరతులన్నిటినీ ఒకేసారి పరీక్షించే చోటు. వండిన అన్నం పెట్టాలని సుప్రీంకోర్టు 2001 నవంబరు 28న ఆదేశించింది. 2004 ఏప్రిల్ 20న ఇచ్చిన ఇంకో ఆదేశంలో వంటవాళ్లుగా దళితులకు, ఎస్సీ, ఎస్టీలకు ప్రాధాన్యమివ్వాలని చెప్పింది. ఎవరి చేతి కూడు ఎవరు తింటారన్నది ఈ దేశంలో కులం నిలబడ్డ చోటు గనుక, ఆ ఆదేశం పప్పన్నం గురించి మాత్రమే కాదు. దేశంలో కొన్నిచోట్ల దళిత వంటమనిషి వండితే పిల్లలను ఇళ్లకు పిలుచుకుపోయిన వార్తలు వచ్చాయి. చాలాచోట్ల ఏ గొడవా లేకుండా పిల్లలు ఇరవై ఏళ్లుగా తింటూనే ఉన్నారు. ఆ రెండోది వార్త కాదు కాబట్టి మనకు కనిపించదు.

నేను ఒక పల్లెటూరి బడిలో ఆ గంట కొట్టగానే చూసిన దృశ్యం చెబుతాను. పిల్లలు ఇంటి నుంచి తెచ్చుకున్న స్టీలు పళ్లేలు కడుక్కుని వరండాలో బంతి కట్టారు. ఏ వాడ పిల్లలు ఆ వాడ పిల్లల పక్కనే చేరారు. పొద్దున కలిసి నడిచొచ్చినవాళ్లు, సాయంత్రం కలిసి వెళ్లేవాళ్లు. పక్కపక్కన కూర్చోవడం వాళ్లకు మామూలు సంగతి. అందులో ద్వేషమేమీ నాకు కనిపించలేదు. కానీ మన ఊళ్లలో వాడ అంటేనే కులం. ఊళ్లో ఎప్పుడో గీసిన గీత, ఎవరూ గీయకుండానే వరండాలో పడింది. తెలుగు టీచరమ్మ తన పళ్లెం పట్టుకొచ్చి ఆ గీత సరిగ్గా ఎక్కడుందో అక్కడ కూర్చుంది. కాసేపటికి ఆమె చెప్పే కబుర్ల కోసం అటువాళ్లూ ఇటువాళ్లూ దగ్గరికి జరిగారు. ఆమె నీతిపాఠం ఏమీ చెప్పలేదు. ఆల్‌పోర్ట్ చెప్పిన నాలుగో షరతు, అధికారం మద్దతు, ఇంత మామూలుగా కూడా ఉండొచ్చు.

వేరుగా ఉంచడం కూడా ఒక్కోసారి మేలేనా?

ఇక్కడ తెలుగునాట ఒక నిజమైన చిక్కుముడి ఉంది. మనకు ఎస్సీ గురుకులాలు వేరు, గిరిజన గురుకులాలు వేరు. తెలంగాణలో బీసీలకు మహాత్మా జ్యోతిబా ఫూలే గురుకులాలు, మైనారిటీలకు ఇంకో సొసైటీ. ప్రతిదానిలో కొన్ని సీట్లు ఇతరులకు ఉన్నా, ఎక్కువమంది ఒకే వర్గం పిల్లలు. 2024 అక్టోబరులో తెలంగాణ ప్రభుత్వం యంగ్ ఇండియా ఇంటిగ్రేటెడ్ రెసిడెన్షియల్ స్కూళ్లకు శంకుస్థాపనలు మొదలుపెట్టింది. ఈ వర్గాలన్నిటి పిల్లలనూ ఒకే ప్రాంగణంలో చదివించడం వాటి ఉద్దేశం.

కలపాలనేవారి వాదన ఇప్పటిదాకా చెప్పుకున్నదే. బాల్యమంతా తమవాళ్ల మధ్యే పెరిగితే ఇతరులు ఎప్పటికీ ఇతరులుగానే మిగిలిపోతారు. వేరుగా ఉండాలనేవారి వాదన కూడా గట్టిదే. సాంఘిక సంక్షేమ గురుకులంలో చదువుతున్న మలావత్ పూర్ణ 2014 మే 25న, పదమూడేళ్ల వయసులో ఎవరెస్టు ఎక్కింది. ఆ బడుల్లో లీడరూ, ఫస్టు ర్యాంకరూ, నాటకంలో రాణీ అందరూ తమలాంటి పిల్లలే. అక్కడ వాళ్లు తలెత్తుకుని నడవడం నేర్చుకుంటారు. ఎక్కువ తక్కువలు ముందే రాసిపెట్టి ఉన్న బడిలోకి తీసుకెళ్లి కలిపితే, హాఫ్, పాండే ప్రయోగంలోని పిల్లల్లా చేతికొచ్చిన పజిల్ కూడా వదిలేస్తారేమోనన్నది వీరి భయం. సమాన స్థాయి అన్నది ఆల్‌పోర్ట్ మొదటి షరతు. దాన్ని సంపాదించుకోవడానికి కొన్నాళ్లు వేరుగా ఉండడం అవసరమని వీరంటారు.

నాకు కలపడమే మంచిదనిపిస్తుంది. అయితే ఇంకో విషయం గమనించాలి. ఈ కొత్త బడుల్లో కలిసేది ఎస్సీ, ఎస్టీ, బీసీ, మైనారిటీ పిల్లలు. అన్నిటికంటే పైమెట్టు మీద ఉన్నామనుకునే కుటుంబాల పిల్లలు అప్పటికీ వేరే బడుల్లో, ఫీజుల వెనకే ఉంటారు. తేడాలను ఒప్పుకోవడం ఎవరు ఎక్కువగా నేర్చుకోవాలో వాళ్లే ఆ తరగతి గదిలో ఉండరు. 25 శాతం సీట్ల నిబంధన ఎంత నలిగిపోయినా నేను దాన్ని వదులుకోలేకపోవడానికి కారణం ఇదే.

‘మనందరం మనుషులమే’ అన్న మాట బలం, బలహీనత

పిల్లలకు మనం ఎక్కువగా చెప్పే నీతి ఇది. తప్పు కాదు. పరాయివాడిలో తనలాంటి ఆకలీ, భయమూ, అమ్మ మీద బెంగా ఉంటాయని తెలిసిన పిల్లవాడు వాడిని కొట్టడానికి చెయ్యెత్తడు. కలిసి ఆడిన క్రికెట్, కలిసి చదివిన కృష్ణానది చేసేది ఆ తెలివిడిని కలిగించడమే. చిక్కు ఎక్కడొస్తుందంటే, తేడాల గురించి అడిగిన ప్రశ్నకు జవాబు బదులు ఈ మాట పెట్టినప్పుడు.

అమెరికాలో ఇవాన్ అఫెల్‌బామ్, ఆయన సహచరులు 2010లో ఎనిమిది నుంచి పదకొండేళ్ల పిల్లలతో ఒక పరీక్ష చేశారు. కొందరికి ‘రంగులు పట్టించుకోకూడదు, అందరం ఒకటే’ అనే కథ వినిపించారు. ఇంకొందరికి ‘మనలో తేడాలున్నాయి, అవి విలువైనవి’ అనే కథ. తర్వాత బడిలో జరిగిన కొన్ని ఘటనలు చెప్పారు. వాటిలో ఒకటి స్పష్టంగా రంగు కారణంగా ఒక పిల్లవాడి మీద దాడి చేసిన ఘటన. అందరం ఒకటేనన్న కథ విన్నవాళ్లలో దాన్ని వివక్షగా గుర్తించినవాళ్లు తక్కువ. జరిగినదాన్ని టీచరుకు చెప్పే తీరులో కూడా ఆ తీవ్రత తగ్గిపోయింది. మంచి ఉద్దేశంతో చెప్పిన కథే పిల్లల కళ్లకు గంత కట్టింది.

వయసు పెరిగేకొద్దీ ఈ మౌనం ఎలా ముదురుతుందో ఇంకో ప్రయోగం చూపింది. ఫొటోల్లోంచి ఒక మనిషిని ప్రశ్నలడిగి కనుక్కునే ఆటలో సాధారణంగా పదేళ్లవాళ్లు ఎనిమిదేళ్లవాళ్లకంటే బాగా ఆడతారు. కానీ ఒంటి రంగు అడిగితే త్వరగా తేలిపోయే ఆటలో పెద్దపిల్లలే వెనకబడ్డారు. వాళ్లకు రంగు కనిపించలేదని కాదు. ఆ మాట నోటితో అనకూడదని అప్పటికే నేర్చుకున్నారు.

ఇది మన ఇళ్లలో రోజూ జరుగుతుంది. బస్సులో నాలుగేళ్ల పిల్ల గట్టిగా అడుగుతుంది: ‘అమ్మా, ఆ అంకుల్‌కు కాలు ఎందుకు లేదు?’ అమ్మ సిగ్గుతో ‘ష్! అలా అనకూడదు’ అని పిల్ల మొహం కిటికీవైపు తిప్పేస్తుంది. పిల్లకు జవాబు దొరకలేదు. దొరికింది ఇంకోటి: ఆ అంకుల్‌లో మాట్లాడకూడనిదేదో ఉంది, అటు చూడకూడదు. ‘కొందరికి అలా ఉంటుందమ్మా, చూడు, చేతికర్రతో ఎంత చక్కగా బస్సెక్కారో’ అన్నా సరిపోయేది. అప్పుడు ఆ మనిషి కూడా నవ్వుతూ తానే ఒక మాట చెప్పే అవకాశముంటుంది.

జాలి వేరు, తోడు వేరు

వైకల్యం దగ్గర మన బడులు ఇష్టంగా చేసే పని ఒకటుంది. వికలాంగుల దినోత్సవం రోజున పిల్లల కళ్లకు గంతలు కట్టి నడిపించడం. ‘చూశారా, వాళ్లు ఎంత కష్టపడతారో’ అని చెప్పడం. 2015లో జరిగిన ఒక అధ్యయనంలో, గంతలు కట్టుకుని ఇలాంటి పనులు చేసిన పెద్దవాళ్లు అంధుల సామర్థ్యాన్ని అంతకుముందు కంటే తక్కువగా అంచనా వేశారు. కారణం తేలికే. మొదటిసారి గంతలు కట్టుకున్నవాడు అనుభవించేది చూపు పోయిన మొదటి నిమిషపు గాభరాను. ఇరవై ఏళ్లుగా కర్రతో నడుస్తున్న మనిషి నేర్పు అందులో ఎక్కడా లేదు. పిల్లలకు జాలి పుడుతుంది. జాలిపడ్డ మనిషిని ఎవరూ కబడ్డీకి పిలవరు.

2016 నాటి వికలాంగుల హక్కుల చట్టం 21 రకాల వైకల్యాలను గుర్తించింది, మిగతా పిల్లలతో కలిసి చదివే హక్కును ఇచ్చింది. తెలుగు రాష్ట్రాల్లో ప్రత్యేక అవసరాలున్న పిల్లల కోసం భవిత కేంద్రాలు పనిచేస్తున్నాయి. అక్కడ ఫిజియోథెరపీ, స్పీచ్ థెరపీ దొరుకుతాయి. వాటి అవసరం చాలా ఉంది. అయితే కేంద్రం ఒక గదిలో, మిగతా బడి ఇంకో చోట అన్నట్టు నడిస్తే, పక్కనే ఉన్న పిల్లలకు ఈ పిల్లలు ఎప్పటికీ ‘భవిత పిల్లలు’గానే మిగిలిపోతారు. అక్కడా ఎర్ర చొక్కా, నీలం చొక్కాలే.

ఇంకా తేలనివి

చంద్రు నివేదికపై పెద్ద వివాదం బొట్ల గురించి వచ్చింది. కులచిహ్నం తీయమంటే మతచిహ్నం తీయమన్నట్టేనని బీజేపీ, మరికొందరు అభ్యంతరం చెప్పారు. నుదుటి మీది గుర్తు పిల్లవాడి విశ్వాసమా, కులం జెండానా అన్నది ఊరిని బట్టీ, ఆ రంగుకు అక్కడున్న అర్థాన్ని బట్టీ మారుతుంది. చెన్నైలో కూర్చుని గీసిన నిబంధన తిరునెల్వేలిలో ఒక కక్షను ఆపొచ్చు, ఇంకోచోట ఒక అమాయకుడిని బాధపెట్టొచ్చు. రెండు వైపులా నిజాయతీగా మాట్లాడేవాళ్లున్నారు.

ఇంకోటి, బడిలో వచ్చిన మార్పు గేటు దాటుతుందా అన్నది. ఇరాక్‌లో ఐసిస్ దాడులతో ఊళ్లు వదిలివచ్చిన క్రైస్తవ ఆటగాళ్ల ఫుట్‌బాల్ జట్లలోకి సల్మా మూసా అనే పరిశోధకురాలు కొందరు ముస్లింలను చేర్చింది. 2020లో ఆ ఫలితాలు వచ్చాయి. కలిసి ఆడినవాళ్లు తర్వాత కూడా ముస్లింలతో కలిసి సాధన చేశారు, లీగులో క్రీడాస్ఫూర్తి బహుమతికి ముస్లిం ఆటగాళ్లకు ఓట్లేశారు. కానీ ఆ స్నేహం మైదానం బయట ముక్కూమొహం తెలియని ముస్లింల వరకూ పెద్దగా పాకలేదు. మన దగ్గరా ఇదే చూస్తాం. ‘మావాడు వేరు, వాళ్లందరిలాంటివాడు కాదు’ అని ఒక స్నేహితుడిని మినహాయించి, మిగతావాళ్ల మీద పాత మాటే మాట్లాడేవాళ్లు ప్రతి ఊళ్లోనూ ఉన్నారు.

దీనికి అందరూ ఒప్పుకున్న మందు ఇంకా లేదు. ఒక స్నేహితుడు సరిపోడు, నలుగురు కావాలంటారు కొందరు. ఆ స్నేహితుడి కులమో మతమో దాచిపెట్టకుండా, అది తెలిసే స్నేహం చేసినప్పుడే ఆ మంచితనం మిగతావాళ్ల వరకూ పాకుతుందంటారు ఇంకొందరు. ఈ రెండో మాట నిజమైతే మొదట్లో చెప్పుకున్న రెండు వాదనలకూ చోటుంది: తరగతిలో కులం పిలిచి నిలబెట్టకూడదు, కానీ పిల్లలే అడిగిన రోజున, ఊళ్లో జరిగినదాని గురించి మాట్లాడుకున్న రోజున, టీచరు మాట దాటేయకూడదు. అయితే అలా ఎలా మాట్లాడాలో మన టీచర్లకు ఎవరూ శిక్షణ ఇవ్వడం లేదు. పాఠ్యపుస్తకంలో అంటరానితనం ఒక పేరాలో వస్తుంది, రాజ్యాంగంలోని 17వ అధికరణం దాన్ని రద్దుచేసిందని ఇంకో పేరాలో వస్తుంది. పరీక్షలో రెండు మార్కులు. ‘సార్, మరి మా ఊళ్లో ఇంకా ఉంది కదా?’ అని ఏడో తరగతి పిల్ల అడిగితే ఏం చెప్పాలన్నది సారుకే వదిలేశారు.